తీగల వ్యయ మెవరిది?

ద్వారకా తిరుమల కొండనుండి దక్షిణముగా దిగినకొలది నేల పల్లమై, కొల్లేటి చేరువకు వచ్చుసరికి కాలువనీరు పొలముల పారుచుండును. కొండచుట్టునుగల మెట్టభూములకు మాత్ర మా భాగ్యము లేదు. అచ్చటి కొబ్బరి, కోకో, ఆయిల్‌పామ్ తోటలకు బోరుబావి ప్రాణాధారము. బోరుబావికి విద్యుత్తు ప్రాణాధారము.

1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టకు సర్కారు ధనమే వ్యయమైనది. రైతులే చందాలు వేసికొని కట్టుకొనుడని కుంపిణీవారు సైతము చెప్పలేదు. (ధర్మబుద్ధితో గట్టిరని మే మనుట లేదు, శిస్తు పెరుగునని యెరిగియే కట్టిరి.) మెట్టరైతు కాలువ విద్యుత్తు తీగ. దానికి బొక్కస మేల తెరువరాదు?

తీగ రాష్ట్రపు టెల్లలు దాటవలసినపు డీ ప్రశ్న మరింత చిక్కుపడును. మాచ్‌ఖండ్ చరిత్ర చూడుడు. ఆంధ్ర, ఒరిస్సాల సరిహద్దున పారు నా నదిపై మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు స్వాతంత్ర్యమునకు మునుపే ఒడంబడికకు వచ్చినవి. 1955లో విద్యుత్తు పుట్టినది. మొదట మనకు 70 పాళ్లు, వారికి 30, ఇప్పుడు చెరిసగము. రెండు బొక్కసములు కలిసినందుననే యా కార్యము సాధ్యమైనది. అయినను, జలాపుట్ జలాశయములో తమ యూళ్లు మునిగిన గిరిజనులకు పంపకములో పాలేదియు లేకపోయె. ఆ ఋణము నేటికిని తీరలేదని మా యభిప్రాయము.

నేటి వెలుగు కర్నూలు, అనంతపురము సీమల యెండనుండియు గాలినుండియు వచ్చుచున్నది. దానిని చేరవేయు ‘హరిత విద్యుత్ మార్గము’ మొదటి దశలో ఎనిమిది రాష్ట్రములకు స్థానము లభించినది, అందు మనదొకటి. వ్యయములో కేంద్రము 40 పాళ్లు ఉచితముగా నిచ్చినది, జర్మనీ బ్యాంకు 40 పాళ్లు అప్పిచ్చినది, రాష్ట్రములది 20. 2022 జనవరిలో కేంద్ర మంత్రివర్గము 12,031 కోట్ల రూపాయలతో రెండవ దశ నామోదించినపుడు ఏడు రాష్ట్రములనే యెంచుకొన్నది. గుజరాతు, కర్ణాటకము, తమిళనాడు, కేరళము మున్నగునవి కలవు, ఆంధ్రము లేదు!

పైగా అంతర్‌రాష్ట్ర తీగలపై సాగు సౌర, పవన విద్యుత్తుకు రుసుము మినహాయించిరి. 2025 జూన్ 30 లోపల నెలకొన్న కేంద్రముల కీ రాయితీ పూర్తిగా వర్తించినది. మినహాయించిన సొమ్ము ఆవిరి కాలేదు. తక్కిన పంపిణీ సంస్థల పద్దులకెక్కి, వానిద్వారా గృహస్థుని బిల్లునకు దిగినది. పరరాష్ట్రపు కర్మాగారమున కగ్గువగా కరెంటు చేరుటకు తాడేపల్లిగూడెపు చిన్న వర్తకు డేల చెల్లింపవలెను? సూర్యశక్తిని ప్రోత్సహింపవలసినదే, కాని యా వ్యయమును పన్నుల రాబడినుండి బాహాటముగా భరింపవలెను.

రెండవ దశలో ఆంధ్రమునకు చోటేల లేకపోయెనో, మినహాయింపు భారము మన పంపిణీ సంస్థలపై నెంత పడినదో, ఏలూరు ప్రతినిధులు పార్లమెంటున నడిగి లిఖితపూర్వకముగా ప్రత్యుత్తరము తెప్పింపవలెనని కోరుచున్నాము.