కంప్యూటరునకు అటక అవసరమా?

గదులు పెక్కు గల యింటిలోను అటక యుండును. అది యేలయని యెవరును ప్రశ్నింపరు. కాని కంప్యూటరు విషయమున ఇట్టి ప్రశ్న తరచుగ వినవచ్చుచున్నది. “మా యంత్రములో ర్యామ్ సమృద్ధిగ నున్నది. ఇక వర్చువల్ మెమరీతో పనియేమి? దానిని తీసివేసినచో వేగము పెరుగదా?” అని అడుగువారు పలువురు.

ఈ సందేహమునకు సమాధానము నాకు ఒక మిత్రుని యింట దొరకినది. ఆయన తమ తల్లిగారు పాడిన పెండ్లిపాటల పాత టేపులను కంప్యూటరులోనికి ఎక్కించి, గరగర శబ్దములను తొలగించుచుండిరి. యంత్రములో 16 గిగాబైట్ల ర్యామ్ ఉన్నది గదా యని, డిస్కుపై శ్రమ తగ్గునను తలంపుతో, ఆయన కుమారుడు వర్చువల్ మెమరీ ఏర్పాటును తీసివేసెను. వారము దినములు ఏ చిక్కును రాలేదు. ఒకనాటి సాయంకాలము, మూడు గంటలు చేసిన పని యింకను భద్రపరుపక మునుపే, మెమరీ చాలదని తెలిపి ప్రోగ్రాము మూతపడినది. చిత్రమేమనగా, అప్పటికి ర్యామ్‌లో ఇంచుమించు మూడవ వంతు ఖాళీగనే యున్నట్లు లెక్క చూపుచుండెను. ఖాళీ యుండగా చోటు లేదనుట యెట్లు?

ఇది తెలియవలెనన్న కొంచెము వెనుకకు పోవలెను. 1962 డిసెంబరులో ఇంగ్లండునందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున అట్లాస్ అను కంప్యూటరు ప్రారంభింపబడినది. దాని నిర్మాణమునకు నాయకుడు టామ్ కిల్బర్న్. దాని వేగముగల కోర్ మెమరీలో పట్టునవి 16 వేల చిల్లర పదములు మాత్రమే. మెల్లగ పనిచేయు డ్రమ్ములలో 98 వేలకు పైగా పట్టును. అంతకు పూర్వము, ఏ భాగమును ఎప్పుడు డ్రమ్మునుండి తేవలెనో ప్రోగ్రాము వ్రాయువారే చూచుకొనవలసి యుండెడిది. అట్లాస్ ఆ భారమును తానే వహించినది. సమాచారమును 512 పదముల పుటలుగ విభజించి, కావలసిన పుటను కోర్‌లోనికి తెచ్చుచు, అక్కరలేనిదానిని డ్రమ్మునకు పంపుచుండెను. ప్రోగ్రామునకు మాత్రము అంతయు ఒకే విశాలమైన మెమరీవలె కనిపించెడిది.

నేటి యిండ్లలోని కంప్యూటర్లలో పుట సాధారణముగ 4 కిలోబైట్లు. ప్రతి ప్రోగ్రామునకును తనదైన పుటల పట్టిక యొకటి యుండును. ఒక ప్రోగ్రాము వేరొకదాని పుటలను ముట్టకుండ కాపాడునదియు ఆ పట్టికయే. వర్చువల్ మెమరీ యనగా ఈ ఏర్పాటంతయును. విండోస్‌లోగాని లినక్స్‌లోగాని దీనిని మనము తీసివేయజాలము. మనము తీసివేయగలది డిస్కుపై నున్న నిల్వచోటు మాత్రమే. దానిని విండోస్‌లో పేజీ ఫైలు అనియు, లినక్స్‌లో స్వాప్ అనియు అందురు. మన యింటి అటక వంటిది ఇదియే.

ఇక ఖాళీ యుండగా చోటు లేదనుటకు కారణము చూతము. పెండ్లికి వచ్చు చుట్టములు కొందరు నాలుగు గదులు చాలునప్పటికిని పది గదులు ముందుగ కోరుదురు. ప్రోగ్రాములును అంతే. విండోస్ ఒకసారి మాట యిచ్చినచో తప్పదు. కనుక ర్యామ్, పేజీ ఫైలు రెండును కలిపిన మొత్తమునకు లోబడియే మాట యిచ్చును. పేజీ ఫైలు తీసివేసినచో ఆ హద్దు ర్యామ్ మేరకు పడిపోవును. గదులు ఖాళీగనే యుండును. కాని అవి ఎవరికో మాట యిచ్చినవి. క్రొత్తగ వచ్చినవారికి లేదనక తప్పదు. మిత్రుని యింట జరిగినది ఇదియే.

లినక్స్ స్వభావము వేరు. అది సామాన్యముగ ఉన్నదానికి మించియు మాట యిచ్చును. చోటు నిజముగ చాలనపుడు ఒక ప్రోగ్రామును ఎన్నుకొని బలవంతముగ ముగించును. స్వాప్ లేనిచో, ఎన్నడో వ్రాసి మరచిన సమాచారమునకు పోవుటకు వేరు తావు లేక ర్యామ్‌లోనే తిష్ఠవేయును. అపుడు యంత్రము డిస్కునుండి మరల చదువుకొనదగిన ప్రోగ్రాము పుటలనే పారవేసి, మరుక్షణమే వానిని తిరిగి తెచ్చుకొనవలసి వచ్చును. కావున స్వాప్ తీసివేసినంత మాత్రమున డిస్కు శ్రమ తప్పదు.

వేగము తగ్గునను భయము నిరాధారము కాదు. ర్యామ్‌నుండి సమాచారము అందుటకు సుమారు 100 నానోసెకండ్లు పట్టును. తిరుగు డిస్కునకు సుమారు 10 మిల్లీసెకండ్లు, అనగా లక్ష రెట్లు. సాలిడ్ స్టేట్ డిస్కునకును ఇంచుమించు వేయి రెట్లు పట్టును. పుటలు ఎడతెగక రాకపోకలు సాగించుచుండగా అసలు పని నిలిచిపోవుటను త్రాషింగ్ అందురు. దీని కారణములను పీటర్ డెనింగ్ అను శాస్త్రజ్ఞుడు 1968లో విశదీకరించెను. అయితే అది చోటు చాలకపోవుటచే కలుగు జబ్బు. అటక యుండుటచే కలుగునది కాదు. దానికి మందు ర్యామ్ పెంచుటయో, తెరచిన ప్రోగ్రాములను తగ్గించుటయో. ర్యామ్ సమృద్ధిగ నున్నచోట పేజీ ఫైలు జోలికి యంత్రము అరుదుగ పోవును. కనుక దానిని తీసివేయుటచే మిగులునది డిస్కుపై కొన్ని గిగాబైట్ల చోటే.

కొన్ని సర్వర్లలో నిపుణులు స్వాప్ తీసివేయుట కలదు. మెల్లగ సాగుటకన్న ఆగిపోవుటయే మేలని వారి తలంపు. ఒకటి ఆగినచో వేరొక యంత్రము పని అందుకొనును. మన యిండ్లలో అట్టి రెండవ యంత్రము సిద్ధముగ నుండదు.

కావున గృహస్థులకు చెప్పదగినది ఇది. విండోస్‌లో పేజీ ఫైలు పరిమాణమును యంత్రమునకే విడిచిపెట్టుడు. రెండు డిస్కులున్నచో వేగముగలదానిపై నుంచుడు. లినక్స్‌లో కొన్ని గిగాబైట్ల స్వాప్ ఉంచుడు. యంత్రమును హైబర్నేషన్‌లో ఉంచుట అలవాటైనచో మరికొంత ఎక్కువ కావలెను. అన్నిటికన్న ముఖ్యముగ, చేయుచున్న పనిని పదేపదే భద్రపరుచుకొనుడు.

మా మిత్రుడు పేజీ ఫైలును యథాస్థితికి తెచ్చిరి. టేపులు చెడలేదు గనుక ఆ మూడు గంటల పనిని మరునాడు మరల చేసికొనగలిగిరి. అందరికిని అట్టి రెండవ అవకాశము దొరకదు.