సైకిల్ తొక్కుతుంటే కంట్లో పురుగు పడితే

వానలు మొదలైన దగ్గర నుంచి వరి కోతలు అయ్యే వరకు మా ఓ.పి.లో ఒక రకం కేసులు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక చేత్తో కన్ను మూసుకుని, ఇంకో చేత్తో సైకిల్ నడిపించుకుంటూ గేటు లోపలికి వస్తారు. ఏమైందండీ అని అడిగితే "ఏమీ లేదు సిస్టర్, పురుగు పడింది" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. నీళ్ళతో కడిగి పంపేస్తాము. కాని కొంతమంది వారం, పది రోజుల తర్వాత, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చతో వస్తారు. వాళ్ళూ మొదట "ఏమీ లేదు" అనుకున్నవారే. ఆ రెండింటికీ మధ్య ఏం జరుగుతుందో మా నర్సింగ్ సిబ్బంది తరఫున ఈ సంచికలో చెప్పాలనుకున్నాము.

నడిచే మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు వెళ్తాడు. సైకిల్ మీద కాస్త గట్టిగా తొక్కితే 15 కిలోమీటర్లు. అంటే సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు. కంటి ముందుకు ఏదైనా వస్తే రెప్ప దానంతట అదే మూసుకుంటుంది గాని, దానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. ఆ లోపు సైకిల్ మూరెడు దూరం ముందుకు పోతుంది. పురుగు వచ్చి మనల్ని కొట్టడం కాదు, మనమే వెళ్ళి పురుగును కొడుతున్నాము. బస్సుకు అద్దం ఉంది, మోటారు సైకిల్ వారికి హెల్మెట్ అద్దం ఉంది (పెట్టుకుంటే). సైకిల్ వారికి ఏమీ లేదు.

అందులోనూ పొద్దుగూకే వేళ మరీ ఎక్కువ. చెరువు గట్ల మీద, కాలువ గట్ల మీద సన్న దోమలు తల ఎత్తులో గుంపులుగా తిరుగుతుంటాయి. తొలకరి జల్లు పడిన మర్నాడు ఉసిళ్ళు లేస్తాయి. దీపావళికి అటూ ఇటూ వరి చేలలోని పచ్చదోమ, సుడిదోమ దీపాల చుట్టూ ముసురుకుంటాయి. వీధి దీపం కింద నుంచి సైకిల్ మీద వెళ్ళడం అంటే ఆ గుంపులోకి తల దూర్చడమే. పొలం పని నుంచి వచ్చేవారు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు, సాయంకాలం కూడిక ముగించుకుని ఇంటికి వెళ్ళేవారు అందరూ ఆ వేళకే రోడ్డు మీద ఉంటారు.

ముందు హ్యాండిల్ సంగతి. పురుగు పడగానే చెయ్యి కంటి మీదకు పోతుంది. హ్యాండిల్ వంకర తిరుగుతుంది. వెనుక పాల క్యాన్లో, గడ్డిమోపో ఉంటే ఇక చెప్పనక్కరలేదు. కంట్లో పురుగు పడిందని బయలుదేరిన మనిషికి మణికట్టు విరిగి కట్టు కట్టించుకోవలసిన పరిస్థితి రావడం మేము చూశాము. ఒక కన్ను మూసుకుంటే రెండోది కూడా మూసుకోవాలనిపిస్తుంది. దాన్ని పట్టుబట్టి తెరిచి ఉంచండి. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, తొక్కడం ఆపి, వెనుక బ్రేకు మెల్లగా పట్టి, ఎడమ పక్కకు ఆగండి. కాళ్ళు నేల మీద ఆనిన తర్వాతే కన్ను చూసుకోండి. ఆ నాలుగైదు సెకన్లలో కంటికి కొత్తగా ఏమీ కాదు.

ఇక అసలు విషయం. కన్ను నులమకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుండేటట్లయితే అది ఇదే కావాలని మా కోరిక. పురుగు కాళ్ళకు సన్నని ముళ్ళు ఉంటాయి, రెక్కల అంచులు గట్టిగా ఉంటాయి. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, కార్నియా అంటారు, మొత్తం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ మందం ఉంటుంది, అంతే. పురుగును రెప్ప కింద పెట్టి నులమడం అంటే ఆ పొర మీద గరుకు కాగితం పెట్టి రుద్దినట్లే. నులమకుండా రెప్పలు టపటపా కొట్టండి. నీళ్ళు వాటంతట అవే ఊరి, పురుగును ముక్కు వైపు మూలకు తోస్తాయి. అది చాలకపోతే పై రెప్పను వెంట్రుకలు పట్టుకుని కింది రెప్ప మీదకు లాగి వదలండి. దగ్గరలో తాగే నీరు ఉంటే చేతులు కడుక్కుని, తల ఒక పక్కకు వంచి, కన్ను తెరిచి గ్లాసుతో నెమ్మదిగా పోయమనండి. కాలువ నీళ్ళు, పొలం నీళ్ళు వద్దు. పురుగు తెల్లగుడ్డు మీదో, రెప్ప లోపలో కనబడుతుంటే శుభ్రమైన తడి గుడ్డ కొసతో తీయవచ్చు. నల్లగుడ్డు మీద అంటుకుని ఉంటే మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. అగ్గిపుల్ల కొసతో తీసేవారు, నాలుకతో తీసేవారు ఇప్పటికీ మన ఊళ్ళలో ఉన్నారు. మంచి మనసుతోనే చేస్తారు, కాదనము. కాని నోటిలోని క్రిములు నేరుగా గీసుకుపోయిన కంట్లోకి వెళ్తాయి.

పురుగు పోయిన తర్వాత కూడా ఏదో గరగరలాడుతుంటే, వెలుతురు చూడలేకపోతుంటే, నీళ్ళు ఆగకుండా కారుతుంటే కార్నియా గీసుకుపోయి ఉండవచ్చు. పెద్ద గీత కాకపోతే రెండు మూడు రోజుల్లో మానుతుంది. మానేలోగా క్రిములు చేరితే పుండు అవుతుంది. మన ఊళ్ళలో పువ్వు వేసింది అంటారే, ఆ పువ్వు ఇలాంటి పుండు మిగిల్చిన మచ్చే. మదురైలో 1994 మొదటి మూడు నెలల్లో కార్నియా పుండుతో వచ్చిన 434 మందిని పరీక్షించారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అంతకు ముందు కంటికి చిన్నదో పెద్దదో దెబ్బ తగిలి ఉంది. ల్యాబులో క్రిమి దొరికినవారిలో సుమారు సగం మందికి ఫంగస్, అంటే బూజు జాతి, కారణమని తేలింది. పొలాల మధ్య బ్రతికే మనకు ఈ ఫంగస్ కొత్త కాదు. అది మట్టిలో, ఆకుల మీద, ధాన్యం పొట్టు మీద ఉంటుంది.

ఫంగస్ పుండు ఎంత కష్టమో వార్డులో చూసినవారికి తెలుసు. నటామైసిన్ చుక్కలు మొదట్లో గంట గంటకూ, రాత్రి కూడా లేపి వేయాలి. వారాల తరబడి సాగుతుంది. తోడు ఉన్నవారి కూలి పోతుంది, పిల్లల బడి పోతుంది. ఇంత చేసినా మచ్చ మిగలవచ్చు, చూపు తగ్గవచ్చు.

అందుకే మేము ఒక విషయం మీద కొంచెం గట్టిగా మాట్లాడుతాము. కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకోకండి. వాటిలో చాలా వాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. వేసిన రోజు ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మందు బాగా పనిచేసిందని అనుకుంటాము. లోపల ఫంగస్ ఉంటే అడ్డు లేక పెరిగిపోతుంది. పోయినసారి పక్కింటివారికి వ్రాసిన మందు అయినా అంతే. ఆముదం, తల్లిపాలు, ఆకు పసరు, నందివర్ధనం పూలు పెద్దలు చెప్పినవే. కన్ను మంటగా ఉన్నప్పుడు చల్లగా అనిపించవచ్చు. గీసుకుపోయిన కంటికి మాత్రం అవి క్రిములను మోసుకువస్తాయి.

తొందరగా వస్తే ఎంత తేడా అన్నదానికి నేపాల్‌లోని భక్తపూర్ జిల్లాలో జరిగిన పని ఒక ఉదాహరణ. అక్కడ పల్లెల్లో కన్ను గీసుకుపోయిన 442 మందికి ఆరోగ్య కార్యకర్తలు క్లోరంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు వేశారు. 2001లో ఆ ఫలితాలు ప్రచురించారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టినవారిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఆ ఆయింట్‌మెంట్ అన్నింటికీ రక్ష అని దీని అర్థం కాదు, ఫంగస్ మీద అది పనిచేయదు. కాబట్టి సాయంకాలం పురుగు పడి, మర్నాడు ఉదయం కూడా కన్ను గరగరలాడుతుంటే ఆ రోజే రండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఏ మందు వేశారో ఆ సీసా తీసుకురండి. ఎవరూ కోప్పడరు. ఏం వేశారో తెలిస్తే డాక్టరు గారి పని సులువవుతుంది.

పురుగు పడకుండా ఏం చేయాలి? సాదా అద్దాల కళ్ళజోడు చాలు. నల్లద్దాలు సాయంకాలం వద్దు, రోడ్డు మీది గుంట కనబడదు. ముందుకు అంచు ఉన్న టోపీ పెట్టుకుని తల కొంచెం వంచితే చాలా పురుగులు అంచుకే తగులుతాయి. ముందు కడ్డీ మీద పసిబిడ్డను కూర్చోబెట్టుకుని వెళ్ళే నాన్నలు ఒకటి ఆలోచించాలి. మీకు తగలవలసిన పురుగులన్నీ ముందు బిడ్డ ముఖానికే తగులుతాయి. గుంపు కనిపించిన చోట దిగి నడిపించుకు వెళ్ళండి.

నోట్లో పడితే ఉమ్మేయండి. మింగినా భయం లేదు. కాని లోపల కుడితే సంగతి వేరు. నాలుక, గొంతు వాచి ఊపిరికి అడ్డం వస్తుంది. వెంటనే బయలుదేరాలి.

తేనెటీగల గురించి కూడా రెండు మాటలు. ఒక్క ఈగ చొక్కాలో దూరితే కొట్టకండి. ఆగి, గుండీలు విప్పి పోనివ్వండి. నలిగిన తేనెటీగ నుంచి వచ్చే వాసనకు మిగతావి రేగుతాయి. కుట్టిన తేనెటీగ ముల్లు వదిలిపోతుంది. గోటితోనో, దేనితోనో, ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. సున్నం వెతుక్కుంటూ కూర్చోకండి. చేతి మీద కుడితే ఉంగరాలు, గాజులు ముందే తీసేయండి. వాచిన తర్వాత రావు. చెట్టు మీది పెద్ద పట్టు కదిలి గుంపుగా వస్తే ముఖం కప్పుకుని ఆపకుండా దూరంగా పోయి, తలుపులు వేసుకోగల ఇంట్లోకి వెళ్ళండి. కాలువలో దూకకండి. తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి.

కుట్టిన చోట వాపు, నొప్పి మామూలే. కుట్టిన కొద్ది నిమిషాల్లోనే ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బొంగురు, ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే అది మామూలు కాదు. 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి. ఆయాసంగా ఉంటే ఆనించి కూర్చోబెట్టండి, నడిపించకండి. ఆ సమయంలో ప్రాణం నిలిపేది తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఎవిల్ మాత్ర దురద తగ్గిస్తుంది, అంతవరకే. చాలా ఈగలు, కందిరీగలు కుట్టినవారు బాగానే ఉన్నా ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండాలి. మూత్రం తగ్గినా, టీ డికాషన్ రంగులో వచ్చినా వెంటనే చెప్పండి.

చెవిలో దూరిన పురుగు ప్రాణం తీయదు గాని మనిషిని కూర్చోనివ్వదు. పిన్నుతో, పుల్లతో తీయబోతే లోపలికి పోతుంది, కర్ణభేరి చిల్లు పడవచ్చు. చెవి కారే జబ్బు గాని, చిల్లు గాని లేనివారైతే తల పక్కకు వాల్చి గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేయండి. పురుగు చచ్చి కదలడం ఆగుతుంది. నూనెతో పాటు బయటకు వచ్చినా సరే, ఒక కాలో రెక్కో లోపల మిగిలిందేమో మర్నాడు ఓ.పి.లో చూపించుకోండి.