విషయాన్వేషణమునఁ గలుగు కలఁత

వ్యాసము వ్రాయఁబూని నాలుగు పుస్తకములు తిరుగవేసిన పిమ్మట మనస్సు మునుపటికంటె నెక్కువ కలఁతపడుట మనమందఱ మెఱిఁగినదే. అది తమ మందబుద్ధి లక్షణమని విద్యార్థులు పలువురు నిరాశ చెందుదురు. అది సరికాదు.

అమెరికాదేశమునఁ బాఠశాలా గ్రంథపాలకురాలుగఁ బనిచేసిన కరోల్ కూల్‌థౌ అను విదుషి, రట్గర్స్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై, ఉన్నత పాఠశాల తుది తరగతి విద్యార్థులు విషయములను వెదకు తీరును పరిశీలించి 1983వ సంవత్సరమున సిద్ధాంతవ్యాసము సమర్పించెను. ఆ కృషినుండి తేలిన దశ లాఱు: పనిని గ్రహించుట, విషయము నెన్నుకొనుట, పలుతావుల వెదకుట, ముఖ్యాంశమును నిర్ణయించుకొనుట, తగిన సామగ్రిని సమకూర్చుట, వ్రాసి చూపుట. రెండవ దశయందలి యుత్సాహము మూఁడవదానియందు సంశయముగా మాఱును. నాల్గవ దశలో మబ్బు విడును.

కావున మూఁడవ దశలోనే పుస్తకము మూయరాదు. తలిదండ్రులును ఉపాధ్యాయులును "ఎంత వ్రాసితివి?" అనుటకు మాఱుగా "ఇంతవఱకేమి తెలిసినది?" అని యడుగుట మేలని మా యభిప్రాయము.