శనగ జన్యువు సున్నా చూపితే

మహానంది ఊటనీరు పారే పొలాల్లో వరి, అరటి పండుతాయి. నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడిలో రబీ శనగకు మాత్రం నేలలో మిగిలిన తేమే ఆధారం. బెట్టను తట్టుకోవడానికి ఏ జన్యువులు తోడ్పడతాయి? పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు బెట్టను తట్టుకునే ఐసీసీ 4958 రకం నుంచి 27 నమూనాలు తీసి, 2018లో శనగ జన్యువుల పనితీరు పటాన్ని ప్రచురించారు.

ఏ నమూనాలో ఏ జన్యువు ఆర్‌ఎన్‌ఏ తునకలు ఎన్ని దొరికాయో చూపే ఇలాంటి లెక్కల పట్టికల్లో సున్నాలు బోలెడు.

వేరులో పనిచేసే జన్యువు పువ్వులో నిజంగానే ఊరుకుని ఉండొచ్చు. ఆర్‌ఎన్‌ఏ తునకలు తక్కువ చదివినా సున్నానే వస్తుంది. చెరువులో ఒక్కసారి వల విసిరి చేపల్లేవన్నట్టు. అన్ని నమూనాల్లోనూ సున్నా అయితే ఆ జన్యువును పట్టిక నుంచి తీసేయొచ్చు. కానీ, ఉదాహరణకు, బెట్ట మొక్కల్లో 0, 0, 0, తడి పెట్టినవాటిలో 85, 90, 102 వస్తే తీసేయడం పెద్ద తప్పు. వెతుకుతున్నది దాన్నే!

సున్నాకు లాగరిథమ్ లేదు కనుక గ్రాఫుల కోసం 1 కలుపుతారు. తేడాల పరీక్షకు మాత్రం సాధారణంగా 1 కలపని అసలు లెక్కలనే నెగెటివ్ బైనామియల్ అనే గణాంక పద్ధతికి అప్పగిస్తారు.