గొఱ్ఱెల యున్ని కత్తిరించు విధము

ఎమ్మిగనూరు పేరు వినగానే మనకు చేనేత వస్త్రములును, 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతవారి సహకార సంఘమును జ్ఞప్తికి వచ్చును. ఆదోని యనగా ప్రత్తి బజారు. 1953 వఱకు బళ్ళారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరిన యీ ప్రాంతపు పల్లెలలో ప్రత్తి నూలుతోపాటు మఱియొక నూలును గలదు. అది గొఱ్ఱె వీపుపై పెరుగునది. కురుబల యిండ్లలో దానిని కత్తిరించువాడు పురుషుడు. ఏఱి, విడదీసి, వడకునది స్త్రీ. కత్తెర సరిగా నాడనిచో ముందుగా కష్టపడునది యిల్లాలే.

చలిదేశములలో గుఱ్ఱములకు శీతకాలమున దట్టముగా రోమము పెరుగును. పనిచేసిన గుఱ్ఱము చెమటతో తడిసి చలికి వణకకుండుటకై దానిని నున్నగా కత్తిరింతురు. మన సీమలో గుఱ్ఱమున కట్టి యక్కఱ లేదు. ఉన్ని గొఱ్ఱెకు మాత్రము కత్తిరింపు తప్పదు. ఉన్ని మాసి గడ్డకట్టినచో వేడిమి హెచ్చును, పల్లేరుకాయలు చిక్కుకొనును, పిడుదులు దాగును. చలి తగ్గి యెండలు ముదురకముందొకసారి, వానలు వెనుకబట్టిన పిదప నొకసారి కత్తిరించుట మేలు.

ముందు రెండుదినములకు గొఱ్ఱెను పారునీట కడిగి, శుభ్రమైన చోట ఆరనీయవలెను. తడియున్ని కత్తెరకు లొంగదు, మూటగట్టిన ముక్కిపోవును. కత్తిరించునాటి యుదయమున మేత పెట్టరాదు. కడుపు నిండిన జంతువును పడవేసిన నాయాసపడును. ఈనుటకు దగ్గఱపడిన గొఱ్ఱెను ముట్టకుండుటే మంచిది.

చదునైన నేలపై గోనె పఱచి, గొఱ్ఱెను ప్రక్కకు పరుండబెట్టి, కాళ్ళను మెత్తని త్రాటితో కట్టవలెను. ఎడమచేత చర్మమును బిగువుగా లాగిపట్టి, కత్తెరను చర్మమునకు చదునుగా నానించి కత్తిరింపవలెను. ఉన్నిని పట్టుకొని పైకి లాగరాదు. లాగిన చర్మము ముడుతపడి కత్తెర నోట బడును. పొదుగు, చంక, చెవిమొదలు, తొడసందులకడ మిక్కిలి మెల్లగా పోవలెను. గాయమైనచో శుభ్రమైన నీట కడిగి, వేపనూనెలో పసుపు కలిపి పూయవలెను. ఈగ వ్రాలిన పురుగు పట్టును గాన గాయము మానువఱకు దినదినమును చూచుచుండవలెను.

ఒకచోట రెండుమారులు కత్తెర వేయరాదు. మొదటి వేటు ఎత్తుగా పడినదని మరల కత్తిరించినచో రాలునవి పొట్టితునుకలు; అవి దారమున నిలువవు. అందము కొఱకు నున్నగా దిద్దబోయి యున్నిని చెఱుపుకొనుట తగదు. పొట్టక్రింది మురికియున్నిని వేఱుచేసి, నలుపును తెలుపును కలియకుండ వేఱువేఱు బుట్టల నుంచిన, నల్లయున్నికి రంగు వేయు పనియే యుండదు.

పిదప నుండు పనియంతయు స్త్రీలదే. ఉన్నిని విడదీసి, ఏకి, రాట్నముపై వడకుదురు. ఆ నూలునకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై కంబళి నేయుదురు. వానలో కాపరికి గొడుగును, చలిలో పక్కయును, పెండ్లిలో పఱపును అదియే.

ఆస్ట్రేలియాలో 1888లోనే డన్‌లప్ అను క్షేత్రమున మంద మొత్తమును యంత్రములతో కత్తిరించిరి. అచ్చటి మెత్తని యున్నికి మిల్లులవా రెగబడుదురు. మన దక్కను గొఱ్ఱెల ముతకయున్ని కొకప్పుడు కత్తిరింపు కూలియు గిట్టుట లేదు. అందుచే పెక్కురు కాపరులు మాంసమునకై యున్నిలేని జాతుల పెంచుచున్నారు. కత్తిరించిన యున్నిని పాఱవేయుటయు గలదు. ఆ పాఱవేయునది ఉన్ని మాత్రమే కాదు; తల్లి కూతునకు నేర్పిన వడకు విద్యయు, ఇల్లాలి చేతికందు నాలుగు రూకలును దానితోనే పోవుచున్నవి.

కావున కంబళి కొనునపుడు దారమును వ్రేళ్ళతో నలిపి చూడుడు. చేత వడకిన యున్ని కొంచెము గరుకుగా నుండును. ఆ గరుకును జూచి వెనుదీయకుడు. మంద గల యింటివారు కత్తెర పదును, గొఱ్ఱె శుభ్రత, ఉన్ని యేఱుట అను మూటిని శ్రద్ధగా చూచుకొందురేని, ఆ వడకు చేతులకు పని మిగులును.