బండి ఆగకుండా పట్టాలు మార్చడం

పాతదానిని విడిచి కొత్తదానికి మారడం బిలాస్‌పూర్ పట్టణానికి కొత్త సంగతి కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ – ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని స్వీకరించి బ్రాడ్‌గేజిగా మార్చింది. బిలాస్‌పూర్ మీదుగా తూర్పునకు పొడిగించింది. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఆ ఊరిని తమ ఊరుగా చేసుకున్నవి. 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. పట్టాల వెడల్పు మారితే కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు జరుగుతున్న మార్పు మాత్రం కంటికి కనిపించదు. అది కంప్యూటర్లలోని లెక్కల మార్పు.

సంక్రాంతికి విశాఖ వెళ్ళదలచిన ఒక కుటుంబాన్ని ఊహించండి. ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు రిజర్వేషను మొదలవుతుంది. అదే క్షణంలో వందల మంది అదే బండిలో చోటు అడుగుతారు. ఒక బెర్తు ఇద్దరికి అమ్ముడు కారాదు. ఒక్క బెర్తు కూడా లెక్క తప్పి ఖాళీగా పోరాదు. ఈ బాధ్యత మోస్తున్నది 'కాన్సర్ట్' అనే ప్రోగ్రాము. రైల్వేల కంప్యూటరు సంస్థ 'క్రిస్' రూపొందించిన ఈ ప్రోగ్రాము మొదట ఆచరణలోకి వచ్చింది మన సికిందరాబాదులోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి ముడిపడినవి.

అయితే ఈ వ్యవస్థ ఇటానియం యంత్రాలపై, ఓపెన్ వీఎంఎస్ అనే పాత పద్ధతిపై నడుస్తున్నదని, దానిని మార్చవలసి ఉన్నదని రైల్వే శాఖ 2025లో తెలియజేసింది. ఇటానియం చిప్పుల సరఫరాను వాటి తయారీదారు ఇంటెల్ 2021లోనే ముగించింది. విడిభాగాలు దొరకని ఇంజనును ఎంతకాలం నడపగలం?

పాతదానిని పారవేసి కొత్తది రాసుకుంటే సరిపోదా? సరిపోదు. పాత ప్రోగ్రామంటే వట్టి యంత్రభాష కాదు, ఏళ్ళ తరబడి పేరుకున్న అనుభవం. బెర్తు అడిగిన పిల్లలకు పూర్తి చార్జీ అన్న నియమం 2016లో వచ్చింది. వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయింది. ఇటువంటి మార్పులు పొరలు పొరలుగా అందులో ఇమిడి ఉంటవి. తొందరపడి తిరగరాస్తే ఎక్కడో ఒక నియమం జారిపోతుంది. ఆ తప్పు బయటపడేది టిక్కెట్టు కిటికీ ముందు, ప్రయాణికుని ఎదుట.

అందుకే రైల్వేలు మొదట గుండెను కదిలించక ముఖాన్ని మార్చినవి. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్లు అమ్మడం ఆరంభించింది. 2014లో ఆ ముఖద్వారాన్ని పునర్నిర్మించగా, నిమిషానికి 2,000గా ఉన్న టిక్కెట్ల సామర్థ్యం 7,200కు పెరిగింది. రెండు సందర్భాలలోనూ బెర్తుల లెక్క చూచినది వెనుకనున్న పాత వ్యవస్థే.

తాటిచెట్టు మీద మొలిచిన మర్రిని పల్లెల్లో చూస్తూనే ఉంటాము. అది మెల్లగా ఊడలు దించి, తాటిని చుట్టుకొని, చివరకు తానే నిలుస్తుంది. ఆస్ట్రేలియా అడవులలో ఇటువంటి చెట్లను చూచిన మార్టిన్ ఫౌలర్ అనే నిపుణుడు 2004లో ఈ మార్పు పద్ధతికి ఆ చెట్టు పేరే పెట్టాడు. ఒక్కొక్క పనిని కొత్తదానికి అప్పగిస్తూ పోవాలి; పాతది చేసే పని ఏదీ మిగలనినాడు దానిని తొలగించాలి.

ఈ పాఠం రైల్వేలకే పరిమితం కాదు. ఫాక్స్‌ప్రోలో లెక్కలు రాసుకున్న బియ్యపు మిల్లుకూ, బొగ్గు రవాణా కార్యాలయానికీ ఇదే చిక్కు. ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త రూపం ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లో చెప్పింది. 2015 జనవరిలో సహాయమూ ఆపివేసింది. మరి కొత్త ఇంటికి ఏ చట్రం ఎన్నుకోవాలి? యాంగులరా, రియాక్టా, వ్యూనా? ఏది గొప్పదని అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్నలు నాలుగున్నవి.

దాని ఆయువెంత? గూగుల్ వారి యాంగులర్‌జేఎస్ 2010లో పుట్టింది. 2016లో వచ్చిన యాంగులర్ దానికి పేరులోనే వారసుడు. పాతదానిలో రాసినది కొత్తదానిలో యథాతథంగా నడవలేదు. 2021 ముగిసేసరికి పాతదానికి సహాయం ఆగిపోయింది. పెద్ద సంస్థ పేరు దీర్ఘాయువుకు హామీ కాదన్నమాట.

రెండవది, రేపు దానిని బాగుచేసేవారు ఆ ఊరిలోనే దొరుకుతారా? మూడవది, నెమ్మదైన ఇంటర్నెట్ మీద, పాత కంప్యూటరు మీద అది నడుస్తుందా? నాలుగవది అన్నిటికంటె ముఖ్యం: వ్యాపార నియమాలు చట్రంలో కలిసిపోకుండా వేరుగా నిలుస్తవా? తెర మీది బొమ్మను గీసే చట్రం పదేళ్ళలో మారవచ్చు. చార్జీ లెక్క, నిల్వ లెక్క, బాకీ లెక్క దానితోపాటు మారనక్కరలేదు. వాటిని విడిగా ఉంచినవాడు చట్రం ఎన్నుకోవడంలో పొరపడినా తిరిగి దిద్దుకోగలడు.

ఎన్నిక పూర్తయిన తర్వాత కూడా తొందర పనికిరాదు. పాత ఖాతాను, కొత్త ఖాతాను కొంతకాలం పక్కపక్కనే నడిపి, ప్రతి సాయంత్రం రెండు మొత్తాలూ సరిచూడాలి. తేడా వచ్చినచోట తప్పు కొత్తదానిదే అనుకోనక్కరలేదు. ఏళ్ళుగా ఎవరూ గమనించని పాత తప్పు కూడా అప్పుడే వెలుగుచూడవచ్చు. రెండు లెక్కలూ నిలకడగా ఒక్కటైన తర్వాతనే పాత యంత్రానికి విశ్రాంతి. కిటికీ ముందు నిలిచిన మనిషికి ఈ మార్పు ఏదీ తెలియనక్కరలేదు. అతనికి కావలసినది ఒక బెర్తు, అది తనదేనన్న నమ్మకం.