గుడి వెతికితే గోడ వచ్చింది

ఏదో నోట్సు యాప్‌లో "50%" అని వెతికితే 50 అంకె ఉన్న ప్రతి నోటూ వచ్చి పడుతుంది. శాతం గుర్తును యాప్ లెక్కలోకే తీసుకోదు. 1973లో పుట్టిన గ్రెప్ అనే వెతికే ప్రోగ్రాంకు ఈ ఇబ్బంది లేదు.

గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950ల్లో రూపొందించిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో కంప్యూటర్లో పాఠాన్ని ఎలా వెతకవచ్చో 1968లో కెన్ థాంప్సన్ చూపించాడు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆయన సహోద్యోగి లీ మెక్‌మాన్ ఫెడరలిస్ట్ అనే పాత వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో తేల్చే పనిలో ఉండగా, అంత పాఠం ఈ వెతికే పద్ధతి ఉన్న ఆనాటి ఎడిటర్‌లో పట్టలేదనీ, గ్రెప్ అందుకోసమే విడి ప్రోగ్రాం అయిందనీ అక్కడే పనిచేసిన బ్రయన్ కెర్నిగన్ చెబుతారు. గ్రెప్ ఫైలంతా మెమరీలోకి ఎక్కించుకోదు. ఒక్కో వరుసా చదువుతుంది, కుదిరితే చూపిస్తుంది, ముందుకు పోతుంది.

అందులో చుక్క అంటే ఏ అక్షరమైనా సరే అని అర్థం. కాబట్టి 3.14 అని అడిగితే 3514 కూడా వస్తుంది. చుక్కను చుక్కగానే చూడాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఆ బెడద లేకుండా, ఇచ్చింది ఇచ్చినట్టే వెతికే ఎఫ్‌గ్రెప్‌ను తర్వాత బెల్ ల్యాబ్స్‌కే చెందిన ఆల్‌ఫ్రెడ్ ఏహో రాశాడు.

నోట్సు వేలల్లో ఉంటే వరుసవరుసా చదవడం ఆలస్యం. అందుకే యాప్‌లు ముందే పదాల సూచిక కట్టుకుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది: పదాన్ని ఎక్కడ తెంచాలి? ఎన్నో యాప్‌లు వాడుకునే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోని ఎఫ్‌టీఎస్5 అనే వెతికే భాగం, మనం వేరే చెప్పకపోతే, అక్షరాలూ అంకెలూ తప్ప మిగతా దాదాపు దేన్నైనా పదాల మధ్య ఎడంగానే చూస్తుంది. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు అక్షరాల వర్గంలో లేవు, గుర్తుల వర్గంలో ఉన్నాయి. దాంతో "గుడి" కాస్తా గ, డ అని రెండు ముక్కలవుతుంది. "గోడ" కూడా అవే రెండు ముక్కలు! కొటేషన్లలో పెట్టి అడిగినా లాభం లేదు. గుణింతాన్ని కామాతో సమానంగా పారేస్తే తెలుగులో మిగిలేదేముంది?

మందు మాత్రం చిన్నదే. సూచిక కట్టేటప్పుడు గుర్తుల వర్గాలనూ పదంలో కలపమని యాప్ తయారుచేసేవాళ్లు ఒక్క అమరిక మార్చాలి. 2020లో ఎఫ్‌టీఎస్5కు వచ్చిన ట్రైగ్రామ్ పద్ధతి ఇంకో దారి: పాఠాన్ని గుర్తులతో సహా మూడేసి క్యారెక్టర్ల ముక్కలుగా దాచుకుంటుంది. వెతికే మాట మూడు క్యారెక్టర్లకన్నా తక్కువైతే ఆ సూచిక అక్కరకు రాదు, పైగా చోటు ఎక్కువ తింటుంది. తెలుగులో రాసుకునేవాళ్ల కోసం ఆ చోటు ఖర్చుపెట్టాల్సిందే. మీ యాప్ సంగతి తెలియాలంటే ఒక నోటులో గుడి, మరొక నోటులో గోడ రాసి, గుడి కోసం వెతికి చూడండి.